కాలిన పెట్టె, కుట్టిన కిటికీ

ప్రార్థన మందిరం, వెనక గది

బావమరిదికి,

వందనాలు. దేవుని దయవల్ల మీ అక్కా నేనూ బాగానే ఉన్నాం. బాగాలేనిదల్లా నువ్వు బిగించి ఇచ్చిన కంప్యూటరే.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నువ్వు రెండు జోకులేసి, నన్ను నవ్వించి, తప్పించుకుంటావు. కాగితం నవ్వదు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాసే జవాబు చెప్పు.

మొన్న ఆదివారం వాక్యం చెబుతున్నాను. గొంతు బాగా లేచింది, జనం కదలకుండా వింటున్నారు. సరిగ్గా అప్పుడు పక్కబల్ల మీద ‘టప్’మని పేలింది. తెర నల్లబడింది. రికార్డింగు సగంలో పోయింది. మంచం పట్టి మందిరానికి రాలేనివాళ్ళు ఆ రికార్డుల కోసం వారమంతా ఎదురుచూస్తారని నీకు తెలుసు. వాళ్ళకు ఈ వారం ఏమీ లేదు.

ఆ తర్వాత వాసన మొదలైంది. ఎండలో మర్చిపోయిన చేపల బుట్టలో ఎవరో ప్లాస్టిక్ తగలబెట్టినట్టు కంపు కొట్టింది. ముందు వరసలో ఉన్న బడి పెద్దమేడం రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనక వరసవాళ్ళు ఒకరి వంక ఒకరు అనుమానంగా చూసుకున్నారు. నేను నోరు తెరిచి ఉన్నాను కాబట్టి అందరికన్నా ఎక్కువ మింగింది నేనే. సాయంత్రం దాకా నాలుక మీద నుంచి పోలేదు.

దాని వీపు వైపు తొంగి చూశాను. గోధుమరంగు జిగురు కారి ఉంది, బొద్దింక గుడ్ల డొల్లలు అంటుకుని ఉన్నాయి, బూడిదరంగు బూజు వేలాడుతోంది. పరుపులు కుట్టి బతికేవాణ్ణి నేను. తాతల నాటి దిండు చింపితే లోపల ఏముంటుందో నాకు కొత్త కాదు. అలాంటి నేనే రెండడుగులు వెనక్కి వేశాను.

సాయంత్రం కూడికలో దాన్ని బల్ల మీద పెట్టి అందరికీ చూపించాను. “పైన తళతళలాడే ఇనుము, లోపల కుళ్ళు! సున్నం కొట్టిన సమాధులని లేఖనం దేన్ని అందో కళ్ళారా చూడండి” అన్నాను. అందరూ తలలూపారు. నీ పేరు ఎత్తలేదులే.

ఇప్పుడు సంగతి చెప్పు. దీన్ని బాగుచేయించాలా, పారేయాలా? పారేయమనే నా మనసు చెబుతోంది. కాయలు కాయని అంజూరపు చెట్టును నరికేయమంటే, ఇంకొక్క ఏడాది ఆగండని అడ్డుపడ్డ తోటమాలి గుర్తొచ్చి ఆగాను. ఈ చెట్టుకు తోటమాలివి నువ్వే కదా.

నీ బావ

*

రిపేరు షాపు, మెట్ల కింది బల్ల

ఉరుముల బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి చేతులు కడుక్కున్నాను. అంత బాగా రాశారు వాసనను!

ముందు ఒక మాట. చచ్చిపోయింది కంప్యూటరు కాదు బావా, అందులోని పవర్ సప్లై డబ్బా. గోడలోంచి కరెంటు తీసుకుని, లోపల ఎవరికి ఎంత కావాలో అంత పంచిపెడుతుంది. కుటుంబంలో అక్క చేసే పనే అది చేస్తుంది. దాన్ని మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు పీకేసినా అది లోపల కరెంటు దాచుకుని కూర్చుంటుంది. మీరు వేలు పెట్టారంటే వచ్చే ఆదివారం ప్రార్థన మీ కోసమే జరుగుతుంది. మళ్ళీ మళ్ళీ స్విచ్చి వేసి చూడకండి కూడా. చెడిపోయిన పవర్ సప్లై ఒక్కోసారి పోతూ పోతూ హార్డ్ డిస్కును వెంట తీసుకుపోతుంది. మీ ప్రసంగాలన్నీ ఉన్నది ఆ డిస్కులోనే.

బాగుచేయాలా పారేయాలా అన్నది చూస్తేగానీ చెప్పలేను. ఫ్యాను బిగుసుకుపోతే కొత్త ఫ్యాను వేస్తాను. కరెంటు దాచుకునే కెపాసిటర్ల పొట్టలు ఉబ్బితే అవి మారుస్తాను. బోర్డే కాలితే మాత్రం దండం పెట్టి పారేయడమే. అయినా నాకొకటి అర్థం కావడం లేదు. ఎంచి ఎంచి పెట్టిన డబ్బా అది. ఇంత త్వరగా పోకూడదు. పోయేముందు ఎక్కువ శబ్దం చేసిందా? దాని వీపుకు గాలి ఆడుతోందా? ఈ రెండింటికీ జవాబు రాయండి. ప్లగ్గు పీకి, పెట్టె పక్క రేకు తీసి, తీగలు ఊడదీసి, వెనక నాలుగు మరలు విప్పితే డబ్బా మొత్తంగా ఊడి వస్తుంది. దేన్లో అయినా మెత్తగా చుట్టి పంపండి.

ఇంకో సంగతి. బడి ఎదురుగా ఉన్న గదికి తాళంచెవి తీసుకున్నాను. బడిలోని కంప్యూటర్ల పనంతా నాకే ఇస్తానని పెద్దమేడం మాటిచ్చింది. ఆ పని నమ్ముకునే ఇక్కడ ఈ మెట్ల కింద కూర్చోవడం మానేసి మీ ఊరు వచ్చేస్తున్నాను. రోజూ భోజనం మీ ఇంట్లోనే అని అక్కకు చెప్పండి.

అలాంటి పెద్దమేడం ముందు నా పెట్టెను సమాధి అన్నారా బావా! వేరే ఉపమానమే దొరకలేదా?

మీ బావమరిది

*

ప్రార్థన మందిరం, వెనక గది

బావమరిదికి,

వందనాలు. డబ్బా పంపుతున్నాను. చేతులకు గుడ్డలు కట్టుకుని మరలు విప్పాను. బతికున్న బొద్దింక ఒకటి లోపల్నుంచి వచ్చి నా మణికట్టు మీదుగా పరిగెత్తింది. నేను వేసిన కేకకు మీ అక్క వంటగదిలోంచి వచ్చి, చూసి, నవ్వి పోయింది. సబ్బుతో ఎంత రుద్దినా ఆ జిగురు గోళ్ళ సందుల్లోంచి వదల్లేదు. అన్నం కలుపుతుంటే ఆ కంపే. సగం తిని లేచాను.

నీ ప్రశ్నలకు జవాబులు. శబ్దం చేసేదా అన్నావు. చేసేది! మొదట్లో సన్నగా ఉండేది, పోనుపోను గరగరలాడింది. నేను మెల్లగా ప్రార్థన చేసే చోట వెనకాల బుర్రుమని ఇంకో గొంతు వినపడేది. రోగంతో మంచంలో ఉన్నవాడు దేవుని మాట వినాలా, దీని గురక వినాలా? నేను దానికి తగిన మందు వేశాను. తర్వాత బుద్ధిగా నోరు మూసుకుంది.

గాలి అంటావా, మందిరానికి అటూ ఇటూ కిటికీలే. గాలికి కరువు లేదు. వంకలు వెతక్కు.

దాని కోసమని మీ అక్క చేత కుట్టించిన దూదిబొంత ఒకటి ఉంది, అందులోనే చుట్టి పంపుతున్నాను. దొంగ దూది కాదు, నేనే ఏకి నింపాను. పరుపులవాడి పార్సిలు, కొండ మీద నుంచి దొర్లించినా పగలదు.

సమాధి అన్నందుకు నొచ్చుకున్నావు. వాక్యం కత్తిలాంటిది, ఎవరి వంక తిరిగితే వాళ్ళకు నొప్పే. నేను దాన్ని నీ కోసమని మొద్దు చేయలేను. జనం అడుగుతున్నారు, “మీ బావమరిది సామానంతా ఇంతేనా?” అని. నేనేం జవాబు చెప్పలేదు. నువ్వు చెప్పు.

నీ బావ

*

రిపేరు షాపు, మెట్ల కింది బల్ల

బావగారికి,

పార్సిలు అందింది. విప్పి చూశాను.

కెపాసిటర్లు ఉబ్బి పగిలాయి. వాటినైతే మార్చేవాణ్ణి. కానీ ఫ్యాను కరిగి అతుక్కుపోయింది. దాని కింద బోర్డు బొగ్గయింది. బొగ్గు మీద టంకం నిలవదు. నిలిపినా దాన్ని నమ్మి మళ్ళీ మీ డిస్కుకు తగిలించలేను. పారేయాల్సిందే.

తప్పు నాదే. కొంచెం తక్కువ రకం పెట్టినట్టున్నాను. నా వల్లే జరిగిందని ఎవరడిగినా చెప్పండి. కొత్తది నేనే పంపుతాను. దాని మీద ఏమీ కప్పొద్దు. వీపు వైపు జానెడు చోటు వదలండి. బొంత నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

దీని గురించి అక్కను ఏమీ అడగొద్దు.

మీ బావమరిది

*

ప్రార్థన మందిరం, వెనక గది

బావమరిదికి,

వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒప్పుకున్నావని సంతోషించాను. రెండోసారి చదివితే ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. తక్కువ రకమా? దేవుని మందిరానికా? అక్క మొగుడికా? తెలియనివాడు మోసం చేస్తే దుమ్ము దులుపుకుని పోతాం. ఇంటివాడు చేస్తే ఎక్కడ దులుపుకోవాలి?

వేడిగానూ చల్లగానూ లేనిదాన్ని దేవుడే నోట పెట్టుకోలేక ఉమ్మేస్తానన్నాడు. మంచి సరుకూ కాక, పూర్తి నాసీ కాక, మధ్యరకం సరుకు పెట్టి నువ్వు నన్ను ఆ స్థితికే తెచ్చావు.

అయినా దాచకుండా ఒప్పుకున్నావు, అది మెచ్చాను. ఒప్పుకోలు దాచిపెట్టేది కాదు కనుక ఆదివారం సాయంత్రం నీ ఉత్తరం మందిరంలో చదివి వినిపించాను. “చూశారా, నా సొంత ఇంట్లోనే కుళ్ళు ఉంటే దాన్నీ నేను కప్పిపెట్టను” అన్నాను. కొందరికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. పెద్దమేడం చివరిదాకా కూర్చుని, నేరుగా గేటు వైపు వెళ్ళిపోయింది.

మీ అక్క ఆ వేళ మందిరంలో లేదు. మంచం పట్టినవాళ్ళను చూడ్డానికి వెళ్ళింది. వచ్చాక ఎవరో చెప్పినట్టున్నారు. అప్పట్నుంచి నాకు ఉప్పు కావాలంటే నేనే లేచి తెచ్చుకుంటున్నాను. తమ్ముడి మీద మమకారం. నాకు అర్థమవుతుంది.

నీ బావ

*

రిపేరు షాపు, మెట్ల కింది బల్ల

బావగారికి,

కొత్త పవర్ సప్లై ఈ పార్సిల్లో ఉంది. ఏ తీగ ఎక్కడ పెట్టాలో కాగితం మీద బొమ్మ వేశాను. అక్క చేత పెట్టించండి, ఆవిడ చేతికి నిదానం ఉంది. పాత డబ్బా కూడా పంపుతున్నాను. వీధి చెత్తలో వేయకండి, పాత ఇనుము కొనేవాడికివ్వండి.

ఆ ఉత్తరం నేను మీకు రాశాను. మందిరానికి కాదు.

పెద్దమేడం కబురు పంపింది. బడి పని ఇప్పట్లో ఇవ్వలేనంది. “మందిరానికే తక్కువ రకం పెట్టినవాడు పిల్లలకేం పెడతాడు?” అని ఎవరితోనో అందట. ఆవిణ్ణి తప్పుపట్టలేను. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. గది తాళం ఈ నెలాఖరుకు తిరిగి ఇచ్చేస్తున్నాను. మెట్ల కింద బల్ల నాకు అలవాటే.

ఇంక దీని గురించి ఉత్తరాలొద్దు బావా. చదవడానికి నాకు ఓపిక లేదు.

*

మన ఇల్లు, వంటగది

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరాలు మీ బావ నాకు చదివి వినిపించడం మానేశాడు. ఇవాళ నేనే అలమార తీసి, అన్నీ ముందేసుకుని చదివాను. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఈ ఉత్తరం కూడా ఆయన ముందే రాస్తున్నాను. రాశాక ఆయన చేతికే ఇస్తాను, చదివి ఆయనే పోస్టు చేయాలి.

‘అక్కను ఏమీ అడగొద్దు’ అని ఎందుకు రాశావురా? బొంత చూసి కదా? వెనకవైపు కిటికీలా వదిలిన చోటు, దాన్ని మళ్ళీ మూసి వేసిన కుట్టు, ఆ కుట్టు నా ఎడమచేతి కుట్టని గుర్తుపట్టావు కదా? అక్క తెలియక ఊపిరాడకుండా మూసేసింది, నలుగురిలో తలవంచుకోవాల్సి వస్తుంది, ఆ నింద నేనే మోస్తానని అనుకున్నావు. నువ్వు చిన్నప్పుడూ ఇంతే. నేను పగలగొట్టిన అద్దానికి నువ్వు దెబ్బలు తిన్నావు. నేను అడిగానా?

ఇప్పుడు విను. కిటికీ వదిలింది నేను. మూయించింది ఆయన. రికార్డు పెట్టుకుని విని, “ఇంకా వినపడుతోంది, అది కూడా కుట్టెయ్” అన్నాడు.

“దానికి ఊపిరాడదేమో” అన్నాను.

“ఇనుముకు ఊపిరేమిటే? పరుపుల సంగతి నాకు చెబుతావా?” అన్నాడు.

కుట్టేశాను. తర్వాత ఆ బొంత ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒంటిలా కాలేది. చెప్పాను. “ఆత్మ మండుతోంది” అని నవ్వాడు. నేనూ నవ్వాను. అందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

ఇదంతా నేను పైకి చదువుతూనే రాస్తున్నాను. మీ బావ నోట్లోంచి ఒక్క వాక్యం రావడం లేదు. మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

ఆ బొంత నాకు పంపు. తాళంచెవి మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఇచ్చావంటే నా గడప తొక్కకు.

అక్క

*

ప్రార్థన మందిరం, వెనక గది

తమ్ముడూ,

వందనాలు. బావమరిది అని రాయబోయి చెయ్యి రాలేదు. ఉత్తరాలొద్దన్నావు. ఇదొక్కటి చదువు, తర్వాత చింపెయ్.

మీ అక్క ఉత్తరం నేనే పోస్టు చేశాను. పోస్టు డబ్బాలో వేసి, చెయ్యి లోపలే పెట్టి కాసేపు నిలబడ్డాను. వెనక మనిషి “పెద్దాయనా, జరుగు” అన్నాడు. జరిగాను.

కొత్త పవర్ సప్లై నీ బొమ్మ చూసి మీ అక్క బిగించింది. స్విచ్చి వేస్తే తెర వెలిగింది. డిస్కు క్షేమం. ప్రసంగాలన్నీ ఉన్నాయి. ఉన్నాయని సంతోషించి, కూర్చుని మొదట్నుంచి విన్నాను. విని ఉండాల్సింది కాదు. కాదు, వినాల్సిందే.

పాతవాటిలో నా మాట వెనక ఫ్యాను సన్నగా తిరుగుతోంది. నెలలు గడిచేకొద్దీ గరగర పెరిగింది. ఒక చోట నేను “వినండి, చెవులున్నవాళ్ళు వినండి” అని అరుస్తున్నాను. వెనకాల అది నాకన్నా గట్టిగా అరుస్తోంది, చచ్చిపోతున్నానని. ఆ తర్వాతి వారం నుంచి దాని గొంతు లేదు. బొంత కప్పేశాం కదా. ఇంక అంతా నా గొంతే. శుభ్రంగా, నున్నగా, నేనొక్కణ్ణే. ఒరేయ్, నిజం చెబుతున్నాను, ఆ గొంతు వింటుంటే ఆ చేపల కంపు మళ్ళీ నాలుక మీదికి వచ్చింది.

దారిలో కత్తి పట్టుకున్న దూత నిలబడి ఉంటే, గాడిదకు కనపడింది, దాని మీద కూర్చున్న ప్రవక్తకు కనపడలేదు. పక్కకు తప్పుకుందని మూడుసార్లు కొట్టాడు. నేను ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో! చెప్పిన ప్రతిసారీ ఆ ప్రవక్తను చూసి జనం నవ్వేలా చెప్పాను. ఆయన గాడిదను కొట్టి ఊరుకున్నాడు. నేను గొంతు కుట్టేశాను. పైగా అది చచ్చాక, దాన్ని ఇచ్చినవాణ్ణి కొట్టాను. సభలో నిలబెట్టి కొట్టాను.

నువ్వు బొంత పంపావు. ఆదివారం దాన్నీ కాలిన డబ్బానూ బల్ల మీద పెట్టాను. బొంత తిరగేసి చూపించాను. ఫ్యాను ఎంత ఉందో అంత గుండ్రంగా మాడి ఉంది, అట్టు మాడినట్టు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పరుపులవాణ్ణి కాబట్టి దేనికైనా దూది కప్పితే మంచిదే అనుకున్నానని చెప్పాను. నీ ఉత్తరంలోది అబద్ధమని, అక్క కోసం ఆడావని చెప్పాను. గొంతు లేవలేదు. వెనక వరసవాళ్ళు “వినపడటం లేదు” అన్నారు. మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టంగా ఉంది.

చెప్పడం అయింది. తర్వాత కర్ర పట్టుకుని వచ్చే ముసలమ్మ లేచింది. ఆవిడకు నోటికి అదుపు లేదని నీకు తెలుసు.

“అయితే అయ్యా, ఆ రోజు సున్నం కొట్టిన సమాధి అన్నావే, అది ఎవరు మరి?” అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మీ అక్క తలెత్తి నా వంక చూసింది.

“నేనే” అన్నాను.

“ఆఁ, అలా చెప్పు” అని కూర్చుంది.

కూడిక అయ్యాక డబ్బాను మా గదిలో అలమార మీద పెడదామనుకున్నాను, రోజూ చూస్తే బుద్ధి ఉంటుందని. మీ అక్క ఊరుకోలేదు. “కంపు కొట్టేదాన్ని ఇంట్లో పెట్టుకుని పశ్చాత్తాపం అంటారా? వాడు పారేయమన్నాడు, పారేయండి. ఈసారైనా వాడి మాట వినండి” అంది. పాత ఇనుము కొనేవాడి దగ్గరకు నేనే మోసుకెళ్ళాను. దారంతా వాసనే. ముక్కు మూసుకోలేదు. బొంత మాత్రం మీ అక్క విప్పింది. మాడిన దూది తీసి పారేసి, మిగిలినదాంతో మంచం పట్టినవాళ్ళ కోసం దిండ్లు కుట్టింది.

పెద్దమేడం గేటు దగ్గర ఆగింది. నన్ను పలకరించలేదు, అందుకు ఆవిణ్ణి ఏమీ అనలేను. మీ అక్కతోనే మాట్లాడింది.

“మీ తమ్ముడి దగ్గర ఆ గది తాళంచెవి ఇంకా ఉందా?” అని అడిగింది.

మీ అక్క “ఉంది” అంది. నిన్ను అడక్కుండానే అంది. నెలాఖరు ఇంకా రాలేదు తమ్ముడూ, ఆవిడ మాట అబద్ధం చేయకు.

వస్తే భోజనం మా ఇంట్లోనే. నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు. ఉప్పు నేనే తెచ్చిపెడతాను.

ఈ ఆదివారం రికార్డు కూడా ఇందులో పెట్టి పంపుతున్నాను. కొత్త డబ్బా మీద ఏమీ కప్పలేదు, వీపుకు జానెడు కాదు, మూరెడు చోటు వదిలాం. అందుకని నేను ‘నేనే’ అన్న చోట నా గొంతు సరిగా వినపడదు, వెనక ఫ్యాను బుర్రుమంటూ ఉంటుంది. అది తీసేయడానికి మీ దగ్గర ఏవో పద్ధతులుంటాయట.

తీసేయకు.

నీ బావ